ఉర్దూలో ఒక మాట, తెలుగులో ఒక మాట.. ఇంట్లో బిడ్డకు ఏ మాట?

మచిలీపట్నాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ పేరుతో పిలవడం తక్కువ. గుడివాడలో బస్సెక్కినా, అవనిగడ్డలో బస్సెక్కినా "బందరెళ్తున్నా" అనే అంటారు. బందర్ అంటే పారశీకంలో ఓడరేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి ఇరాన్ దాకా వెళ్లాయి. పక్కనే ఉన్న పెడన కలంకారీ పేరులో కలం, కారీ రెండూ అటు నుంచి వచ్చిన మాటలే. సరుకు అటు వెళ్తే, మాటలు ఇటు వచ్చాయి.

అందుకే కృష్ణా డెల్టాలో ముస్లిం కుటుంబాలకు ఒకటి కాదు, మూడు నాలుగు భాషల సొమ్ము ఉంది. పట్నంలో కొన్ని ఇళ్లలో అమ్మీ, అబ్బాలతో ఉర్దూ, వీధిలో తెలుగు. పల్లెల్లో దూదేకుల, నూర్‌బాషా ఇళ్లలో ఇంట్లోనూ తెలుగే. నమాజు, దువా అరబీలో. పిల్లల చదువు ఇంగ్లీషులో. బజారుకి, పెళ్లికి, చావుకి, పండక్కి ఏ మాట కావాలన్నా ఏదో ఒక భాషలో దొరుకుతుంది.

ఒక్క చోట మాత్రం ఈ భాషలన్నీ తడబడతాయి. ఇంట్లో ఒక కొడుకు మనసు మగవాళ్ల మీదకే పోతోందనో, ఒక కూతురు తన స్నేహితురాలితోనే బతుకు పంచుకోవాలనుకుంటోందనో తెలిసినప్పుడు ఆ సంగతిని ఏమని చెప్పాలి? నోటికొచ్చే మాటల్లో సగం తిట్లు, మిగతా సగం పోలీసు కేసులో రాసే మాటలు. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏం చేస్తున్నాయో, వేరే చోట్ల జనం ఏ మాటలు తెచ్చుకున్నారో తెలుసుకుంటే ఇంట్లో మాట్లాడుకోవడానికి కాస్త దారి దొరుకుతుంది.

ఒకచోట ‘పరస్తీ’, ఇంకోచోట ‘సంపర్కం’

ఉర్దూ పత్రికల్లో వాడే మాట ‘హమ్‌జిన్స్‌పరస్త్’. హమ్‌జిన్స్ అంటే ఒకే జాతి, ఒకే లింగం. పరస్త్ అంటే పూజించేవాడు. బుత్‌పరస్త్, ఆతిష్‌పరస్త్ అనే మాటల్లో ఉన్నది ఇదే. అల్లాను తప్ప ఎవరినీ ఆరాధించకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న చెవికి ‘పరస్త్’ అనగానే ఏదో షిర్క్ లాంటి చప్పుడు వినిపిస్తుంది. మనిషి ఏం చేశాడో తెలియకముందే ఆ మాట తీర్పు చెప్పేస్తుంది. అందుకే కొందరు ‘హమ్‌జిన్స్‌పసంద్’ అని వాడుతున్నారు. పసంద్ అంటే ఇష్టం. ఒక్క ముక్క మారితే తీర్పు కాస్తా వర్ణన అవుతుంది.

తెలుగు పత్రికల్లో ఎక్కువగా కనిపించే మాట ‘స్వలింగ సంపర్కులు’. తెలుగులో సంపర్కం అంటే పడకగది సంగతే. భార్యాభర్తలను ఎవరూ ‘భిన్నలింగ సంపర్కులు’ అని పరిచయం చేయరు. వాళ్లకు పెళ్లి ఉంది, కాపురం ఉంది, సంసారం ఉంది. ఇక్కడ మాత్రం మనిషి మొత్తాన్ని ఒక చర్యకి కుదించేశారు. పదహారేళ్ల పిల్లాడు ఎవరినీ ముట్టుకోకపోయినా, తన మనసు తనకు అర్థమవుతున్నప్పుడు పేపర్లో ఈ మాట చూస్తే ‘నేను ఇదా?’ అని బెదిరిపోతాడు. ‘స్వలింగ ప్రేమికులు’, ‘స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు’ అనే మాటలు ఇప్పుడు కొద్దికొద్దిగా వస్తున్నాయి. ఆకర్షణ మనసులో ఉండేది, సంపర్కం శరీరంతో చేసేది. రెంటినీ ఒకే మాటలో కుక్కితే ఇంట్లో చర్చ మొదలవకముందే ఆగిపోతుంది.

అరబీలోనూ ఇదే పేచీ. పాత వాడుకలో ‘లూతీ’ అనే మాట లూత్ ప్రవక్త (అలైహిస్సలాం) జాతి గాథ నుంచి వచ్చింది. మొన్నటి దాకా అరబ్ పత్రికలు ఎక్కువగా ‘షాజ్’ అని రాసేవి. దారి తప్పినవాడని దాని అర్థం. తర్వాత ‘మిస్లీ’ అనే మాట వచ్చింది. మిస్ల్ అంటే సాటి, పోలిక. ఇప్పుడు ఒక అరబ్ పత్రిక ఏ మాట వాడిందో చూస్తే ఆ పత్రిక ఏ వైపు నిలబడిందో తెలిసిపోతుంది.

ఖ్వాజా కొజ్జా అయిన కథ

తెలుగు వీధుల్లో వినిపించే తిట్లలో ‘కొజ్జా’ ఒకటి. ఆడపోలికలున్న మగపిల్లాడిని, హిజ్రాలను, ఆటలో ఓడినవాడిని కూడా ఆ మాటతోనే అంటారు. ఈ మాట ఖోజా నుంచి, అంటే ఖ్వాజా నుంచి వచ్చింది. ఖ్వాజా అంటే ప్రభువు, పెద్దమనిషి. సూఫీ బుజుర్గుల పేర్ల ముందు ఇప్పటికీ పెట్టుకునే బిరుదు అదే. మొఘలుల కోటల్లో, దక్కన్ సుల్తానుల కోటల్లో జనానాను, ఖజానాను, ఒక్కోసారి సైన్యాన్ని కూడా చూసిన అధికారులను ఖ్వాజాసరా అనేవారు. దర్బారు పోయింది, ఉద్యోగం పోయింది, మాట మాత్రం వీధిలో పడి తిట్టయింది.

ఈ దిగజారుడులో చట్టం చెయ్యి కూడా ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం హిజ్రాల మీదే. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయాలి, ఆడ బట్టలు కట్టుకుని బయట కనబడితే పట్టుకోవచ్చు. నిజాం హైదరాబాదులో 1919లో ఇలాంటిదే ఇంకో చట్టం వచ్చింది. అది నూరేళ్లు దాటినా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టేసింది.

పాకిస్తాన్‌లో ఆ పాత మాటనే తిరిగి తలకెత్తుకున్నారు. 2009లో అక్కడి సుప్రీంకోర్టు ఈ సముదాయం హక్కుల గురించి ఆదేశాలిచ్చిన తర్వాత ‘హిజ్‌డా’ బదులు ‘ఖ్వాజాసిరా’ అనే మాట పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో పెరిగింది. ఒకే మాట సింధు నది పక్కన బిరుదు, కృష్ణా నది పక్కన తిట్టు.

‘ఆడంగి’, ‘మాడా’, ‘తేడా’ లాంటి మాటల సంగతీ ఇంతే. సినిమాల్లో కమెడియన్ నడుం ఊపుతూ నడిస్తే ‘తేడాగాడు’ అనగానే హాలంతా నవ్వేది. తేడా అంటే లెక్కలో వచ్చే వ్యత్యాసం. దాన్ని మనిషికి అంటించారు. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకున్న ఆ సీను, ఆ గదిలోనే మూల కూర్చున్న పిల్లాడికి ఒక పాఠం చెబుతుంది. ‘నీ సంగతి చెబితే నీకూ ఇదే’ అన్నదే ఆ పాఠం.

ఉర్దూ ‘నేను’కి, తెలుగు ‘నేను’కి తేడా

రెండు భాషలు మాట్లాడే ఇళ్లకు బాగా తెలిసినా ఎప్పుడూ గమనించని సంగతి ఒకటుంది. ఉర్దూలో మగవాడు ‘మై ఆయా’ అంటాడు, ఆడమనిషి ‘మై ఆయీ’ అంటుంది. నోరు తెరిస్తే చాలు, తను ఎవరో చెప్పేసినట్టే. తెలుగులో ఇద్దరూ ‘నేను వచ్చాను’ అనే అంటారు. తెలుగు ‘నేను’కి ఆడ, మగ లేదు.

హిజ్రాల మాటతీరు మీద భాషాశాస్త్రవేత్త కీరా హాల్ ఉత్తర భారతంలో చేసిన పరిశోధన ఇక్కడే మొదలైంది. బనారస్‌లో హిజ్రాలు తమవాళ్ల మధ్య ‘ఆయీ, గయీ’ అని ఆడ క్రియలు వాడుతూ, కోపమొచ్చినప్పుడో, పెద్దరికం చూపించాల్సి వచ్చినప్పుడో మగ క్రియలకు మారడం ఆమె గమనించారు. అంటే అక్కడ వ్యాకరణమే గుర్తింపు పత్రం. తెలుగులో ఆ అవకాశమూ లేదు, ఆ చిక్కూ లేదు. తన గురించి తను చెప్పుకున్నంత సేపూ ఎవరూ ఏమీ పట్టుకోలేరు.

తెలుగులో చిక్కంతా పక్కవాళ్లు మాట్లాడినప్పుడే. ‘వాడు వచ్చాడు’, ‘అది వచ్చింది’. తెలుగు ఏకవచనంలో చనువుకో, చులకనకో ఆడమనిషిని అనే ‘అది’, బల్లనీ కుర్చీనీ అనే ‘అది’ ఒకటే. హిజ్రాను ‘అది’ అన్నప్పుడు ఆడమనిషి అన్నారా, వస్తువు అన్నారా తెలియదు. అన్నవాడికీ తెలియదు.

దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. గౌరవం ఇస్తే లింగం అడగాల్సిన పనే ఉండదు. ‘వారు వచ్చారు’, ‘సారా గారు కూర్చున్నారు’ అన్నప్పుడు క్రియకు ఆడ, మగ తేడా లేదు. ‘గాడు’కి, ‘గారు’కి మధ్య ఒక్క అక్షరమే దూరం. ఎవరిని ఏమని పిలవాలో తెలియక ఇబ్బందిపడే బ్యాంకు క్లర్కుకైనా, ఆస్పత్రి నర్సుకైనా తెలుగు ఇచ్చిన సులువైన దారి ఇది. ‘మా వారు’ అంటూ పేరు చెప్పకుండానే భర్త గురించి మాట్లాడిన అలవాటు ఈ భాషది. పేరు దాచి గౌరవం చెప్పడం దీనికి కొత్తేమీ కాదు.

‘ఫార్సీ’ అనే దాపరికం భాష

హిజ్రాలు తమలో తాము మాట్లాడుకునే భాషను చాలాచోట్ల ‘ఫార్సీ’ అంటారు. ఇరాన్ పారశీకానికీ దానికీ సంబంధం లేదు. వాక్యం కట్టే తీరు ఉర్దూ, హిందీలదే. మాటలు మాత్రం బయటివాళ్లకు అర్థం కానివి. దర్బారు భాష పేరు పెట్టుకోవడంలో పాత గౌరవాన్ని గుర్తు చేసుకోవడం కనిపిస్తుంది.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో హిజ్రాల మధ్య ఏళ్లపాటు పనిచేసిన గాయత్రీ రెడ్డి 2005లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. అందులో మాటిమాటికీ వచ్చే మాట ‘ఇజ్జత్’. ఎవరు నిజమైన హిజ్రా, ఎవరు కారు, ఏ పని చేస్తే పరువు, ఏది చేస్తే పోతుంది అన్న లెక్కలన్నీ ఇజ్జత్ చుట్టూనే తిరుగుతాయి. ఆమె గమనించిన ఇంకో సంగతి ఈ పాఠకులకు ఆసక్తి కలిగించేదే. ఏ మతంలో పుట్టినా అక్కడి హిజ్రాలు తాము ముసల్మానులమని చెప్పుకునేవారు. సలాం చేయడం, హలాల్ మాంసం తినడం లాంటివి పాటించేవారు. గురువు, చేలా, అమ్మ, కూతురు అని వరసలు కలుపుకుంటారు. కన్న ఇల్లు వెళ్లగొట్టినవాళ్లు చేసుకున్న కొత్త ఇల్లు అది, అందుకే దానికి చుట్టరికాల పేర్లు.

ఇదే లోకంలో ‘కోతీ’, ‘పంతీ’ అనే మాటలున్నాయి. ఆడతీరున్న మగవాడు కోతీ, అతను ఇష్టపడే మగవాడు పంతీ. ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలు వచ్చాక ఈ వీధి మాటలే ప్రభుత్వ ఫారాల్లోకి ఎక్కాయి. తెలుగు చెవికి కోతి అంటే చెట్టు మీద ఉండేదే కాబట్టి ఈ ప్రాంతంలో ఆ మాట రెండు రకాలుగా కుచ్చుతుంది. ఇంకో సంగతేంటంటే, ఈ పద్ధతిలో పంతీకి తన గురించి ఏ ప్రత్యేకమైన పేరూ అక్కర్లేదు. అతను ‘మామూలు మగాడు’. పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. ఇంగ్లీషు ‘గే’ అనే మాటలో ఇద్దరూ ఒకటే. ఈ లోకంలో ఇద్దరూ వేరు. ఎవరి మీద ఇష్టం అన్నది ఇంగ్లీషు మాట అడిగే ప్రశ్న. నడక ఎలా, మాట ఎలా, ఇంట్లో పాత్ర ఏంటి అన్నది వీధి మాట అడిగే ప్రశ్న.

ఇలాంటి దాపరికం భాషలు ఒక్క మన దగ్గరే పుట్టలేదు. బ్రిటన్‌లో నాటకాలవాళ్లు, ఓడల్లో పనిచేసేవాళ్లు, మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు ‘పోలారీ’ అనే భాష వాడేవారు. పట్టుబడితే జైలు కాబట్టి ఆ భాషే వాళ్లకు తెర. 1960ల్లో బీబీసీ రేడియో హాస్య కార్యక్రమం ఒకటి పోలారీని ఇంటింటికీ వినిపించింది. 1967లో చట్టం మారింది. దాక్కోవాల్సిన అవసరం తగ్గాక ఆ భాష కూడా వాడుక తప్పింది. భయం ఎంతో, భాష అంత చిక్కగా ఉంటుందన్నమాట.

ఆడవాళ్ల సంగతి ఎందుకు వినబడదు?

మగవాళ్లకు కనీసం తిట్లున్నాయి. ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లకు తెలుగులో తిట్టు కూడా సరిగా లేదు. ‘ప్రాణ స్నేహితురాళ్లు’ అంటారు, అక్కడితో ఆపేస్తారు. ఇది ఒక రకంగా రక్షణ. ఇద్దరమ్మాయిలు ఒకే మంచం మీద పడుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో రకంగా శిక్ష. పేరు లేని బాధను తల్లికి కూడా చెప్పుకోలేరు.

ఉర్దూకి మాత్రం ఇక్కడ ఒక మరిచిపోయిన చరిత్ర ఉంది. ఆడవాళ్ల గొంతుతో, ఇళ్లలో బేగంలు మాట్లాడే భాషలో రాసే కవిత్వాన్ని ‘రేఖ్తీ’ అనేవారు. దాని తొలి అడుగులు దక్కన్‌లోనే పడ్డాయి. 17వ శతాబ్దంలో బీజాపూర్ కవి హాష్మీ దక్కనీలో ఆడగొంతుతో రాశాడు. తర్వాత లక్నోలో రంగీన్, ఇన్షా లాంటివాళ్లు దాన్ని పెంచారు. ‘దోగానా’, ‘జనాఖీ’ లాంటి మాటలు అందులో ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ల మధ్య విడదీయరాని జంట బంధాన్ని చెప్పేవి ఆ మాటలు. రాసినవాళ్లు మగవాళ్లే, వేళాకోళం కూడా చాలానే ఉంది. అయినా ఆ బంధానికి ఒక పేరు ఉండేదని మాత్రం తెలుస్తుంది. 19వ శతాబ్దం చివర సంస్కరణల కాలంలో రేఖ్తీని అశ్లీలమని పక్కన పెట్టేశారు. కవిత్వంతో పాటు ఆ మాటలూ పోయాయి.

1942లో ఇస్మత్ చుగ్తాయ్ కథ ‘లిహాఫ్’ లాహోర్ పత్రిక ‘అదబ్-ఎ-లతీఫ్’లో వచ్చింది. అశ్లీలమని కేసు పెట్టారు. విచారణలో జరిగింది ఆమె తన ఆత్మకథలో రాసుకున్నారు. కథలో అశ్లీలమైన మాట ఏదో చూపించమంటే ఒక సాక్షి, ఆశిక్‌లను పోగుచేసుకోవడం అన్న ముక్క పట్టుకున్నాడు. అందులో తప్పు ‘ఆశిక్’దా, ‘పోగుచేసుకోవడం’దా అని లాయరు అడిగేసరికి సాక్షి తడబడ్డాడు. చివరికి కేసు నిలబడలేదు. కథ మొత్తంలో ఆ బంధానికి ఆమె పేరే పెట్టలేదు. చిన్నపిల్ల గోడ మీద నీడలు చూసి భయపడటం, అంతే. పేరు లేకపోవడమే ఆమెను కోర్టులో కాపాడింది.

ఎనభై ఏళ్ల తర్వాత సంగతి వేరు. విజయవాడలో కలిసి బతుకుతున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని కన్నవాళ్లు తీసుకెళ్లిపోతే, రెండో ఆమె ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. 2024 డిసెంబరులో కోర్టు, మేజరైన మనిషి తనకు నచ్చినవాళ్లతో ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డు రావద్దని చెప్పింది. బందరు నుంచి రెండు గంటల దారిలో జరిగిన సంగతి ఇది. ఇక్కడ పేరు పెట్టి చెప్పుకోవడమే ఆ ఇద్దరినీ కాపాడింది.

కూచిపూడిలో వేషం, వీధిలో దోషం

బందరుకు దగ్గర్లోనే ఉన్న కూచిపూడిలో మగవాళ్లు ఆడవేషం కట్టడం వందల ఏళ్ల సంప్రదాయం. ఆ అగ్రహారాన్ని కళాకారులకు ఇచ్చింది గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా అని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ రంగం మీదకు వస్తే ఆడవాళ్లు కూడా ఆయన నడక చూసి నేర్చుకునేవారన్న పేరు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

వేషం కట్టినవాళ్లు స్వలింగ ప్రేమికులని దీనర్థం ఎంతమాత్రం కాదు. నటన వేరు, మనసు వేరు. ఇక్కడ చూడాల్సింది మాటనే. జడ వేసి, నడుం తిప్పి, గొంతు సన్నం చేసి నడిచే మగవాడిని రంగం మీద ‘స్త్రీ వేషం’ అని చప్పట్లు కొట్టి మెచ్చుకున్న ఊళ్లే, అదే నడక పదో తరగతి పిల్లాడిలో సహజంగా కనిపిస్తే ‘ఆడంగి వేషాలు’ అంటాయి. వేషం అన్న మాట అదే. ముందు ‘స్త్రీ’ ఉంటే కళ, ‘ఆడంగి’ ఉంటే దోషం.

దీన్ ఏమంటుంది, జనం ఏమంటారు

మగవాళ్ల మధ్య, ఆడవాళ్ల మధ్య లైంగిక సంబంధం హరామ్ అన్నది నాలుగు మజ్‌హబ్‌ల ఉలమాలూ చెప్పే మాట. ఆ సంగతి పాఠకులకు తెలిసిందే. అయితే మన ఫిఖ్హ్ పుస్తకాలు మాటల విషయంలో మన వీధుల కన్నా ఎంతో జాగ్రత్తగా ఉన్నాయన్నది అంతగా తెలియదు.

పుట్టుకతో శరీరంలో ఆడ, మగ లక్షణాలు కలిసి ఉన్నవారిని ‘ఖున్సా’ అన్నారు. వాళ్లకు వారసత్వంలో వాటా ఎంత, నమాజులో ఎక్కడ నిలబడాలి అని ఫకీహులు పేజీలకు పేజీలు రాశారు. అంటే వాళ్లను జమాత్‌లో ఒకరిగానే లెక్కించారు. ఆడతీరు ఉన్న మగవాడిని ‘ముఖన్నస్’ అన్నారు. సహీహ్ ముస్లింకు వ్యాఖ్యానం రాసిన 13వ శతాబ్దపు ఇమామ్ నవవీ ఇందులో రెండు రకాలు చెప్పారు. పుట్టుకతోనే ఆ తీరు ఉన్నవాడు ఒకడు, కావాలని తెచ్చిపెట్టుకున్నవాడు ఇంకొకడు. మొదటివాడి మీద నింద లేదు, పాపం లేదు అన్నారు. మన వీధి భాషలో ఈ రెండూ కలిసిపోయి అందరికీ ఒకటే తిట్టు మిగిలింది.

ఇంకా ముఖ్యమైనది ‘ఖజ్ఫ్’. సాక్ష్యం లేకుండా ఒకరి మీద లైంగిక పాపం మోపడాన్ని సూరా నూర్ పెద్ద నేరంగా చూసింది. సూరా హుజురాత్ 11వ ఆయత్ ఎగతాళి చేయడాన్ని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని మనా చేసింది. నడక చూసి, గొంతు విని ఒక పిల్లాడికి పేరు పెట్టేవాళ్లు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి. మనసులో ఉన్న మొగ్గు వేరు, చేసిన పని వేరు అన్న తేడాను కూడా ఉలమాలు చాలామంది ఒప్పుకుంటారు. తెలుగు మాట ‘సంపర్కులు’ ఆ తేడానే చెరిపేస్తోంది.

కొత్త మాటలు ఎక్కడి నుంచి వస్తాయి

‘ఇదంతా పాశ్చాత్యుల పైత్యం, ఆ మాటలే ఇంగ్లీషువి’ అనడం మామూలే. మాటలు బయటివే, నిజం. ‘హోమోసెక్సువల్’ అన్న మాటను 1860ల చివర కెర్ట్‌బెనీ అనే హంగేరీ రచయిత జర్మన్‌లో పుట్టించాడు. ప్రష్యాలో ఇలాంటివాళ్లను జైల్లో పెట్టే చట్టం వద్దని వాదించడానికి ఆయనకు తిట్టు కాని మాట ఒకటి కావాల్సి వచ్చింది. ‘లెస్బియన్’ అనేది గ్రీకు దీవి లెస్బోస్ పేరు నుంచి, ‘గే’ అనేది ‘ఉల్లాసం’ అనే అర్థమున్న మామూలు మాట నుంచి వచ్చాయి. కానీ మనుషులను జైల్లో వేసిన సెక్షన్ 377 కూడా బయటిదే. 1860లో ఇంగ్లీషువాళ్లు రాసి పెట్టిందే.

మాట బయటిదైతే మనిషి బయటివాడు కాడు. షుగరు, బీపీ ఇంగ్లీషు మాటలే, జబ్బు మాత్రం ఇంట్లోవాళ్లదే కదా.

ఒక్కో సమాజం ఒక్కోలా మాట వెతుక్కుంది. చైనా మాట్లాడే చోట్ల ‘తోంగ్‌జి’ అంటారు. అది ‘కామ్రేడ్’ అన్న పాత మాట. 1980ల చివర హాంకాంగ్‌లో దాన్ని ఈ అర్థంలోకి తెచ్చారు. పక్కనే తమిళనాడులో ఇద్దరు యువతుల కేసు విన్న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, ఈ సంగతులు తనకూ సరిగా తెలియవని ఒప్పుకుని, కౌన్సెలింగ్ తీసుకుని మరీ 2021లో తీర్పు రాశారు. గౌరవంగా పిలిచే మాటల జాబితా తయారుచేయమని ప్రభుత్వాన్ని అడిగారు. 2022 ఆగస్టులో తమిళనాడు ఆ పదకోశాన్ని గెజిట్‌లో వేసింది. హిజ్రాలకు ‘తిరునంగై’ అన్న గౌరవమైన మాట తమిళంలో అంతకుముందే స్థిరపడింది.

మన దేశపు చట్టంలోనూ మాటలు మారాయి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మూడో జెండర్‌ను గుర్తించింది. హిజ్రాలతో పాటు జోగప్పలు, ఆంధ్ర ప్రాంతపు శివశక్తుల పేర్లు కూడా అందులో రాసింది. 2018 సెప్టెంబరు 6న, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్లకు సెక్షన్ 377 వర్తించదంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. పెళ్లి సంగతి మాత్రం వేరు. హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో, అభయ్ జంట వేసిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, స్వలింగ వివాహం ప్రాథమిక హక్కు కాదని, అది చట్టసభల పని అని చెప్పింది. అంటే నేరం కాదు, కానీ పెళ్లిగా గుర్తింపు లేదు.

ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు

చదువైపోయి ఉద్యోగంలో చేరిన కొడుకు "అమ్మీ, నాకు నిఖా వద్దు" అన్నాడనుకుందాం. వెంటనే వచ్చే ప్రశ్న "ఎవరైనా ఉన్నారా?" అతను "అది కాదు" అంటాడు. అంతకు మించి చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. ఉర్దూ మాటలో పూజ ఉంది, తెలుగు మాటలో పడక ఉంది. ఇంగ్లీషు మాట చెబితే అమ్మీకి తెలియదు. ఆ మౌనాన్ని ఇంట్లోవాళ్లు మూడు రకాలుగా చదువుతారు. ‘సిగ్గు’ అనో, ‘అసర్’ అనో, ‘జబ్బు’ అనో. మొదటిదైతే సంబంధం ఖాయం చేస్తారు, రెండోదైతే తావీజు కట్టిస్తారు, మూడోదైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

జబ్బు సంగతి తేలిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో అదే మాట చెప్పింది. ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్స వృత్తి నియమాలకు విరుద్ధమని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. అలా మారుస్తామని డబ్బు అడిగేవాళ్లెవరైనా సరే, నమ్మాల్సిన పని లేదు.

సిగ్గు అనుకుని నిఖా చేసేస్తే నష్టం ఒక్కరిది కాదు. ఇంకో ఇంటి ఆడపిల్ల ఏ తప్పూ చేయకుండా ఆ మౌనంలోకి వచ్చి పడుతుంది. తనలో ఏం లోపం ఉందో తెలియక ఏళ్లు గడుపుతుంది. ఆ పిల్ల గురించి ఆలోచించినా సరే, ముందు అడగాల్సింది "ఎవరు?" అని కాదు. "నీ మనసులో ఏముందో చెప్పు బేటా, నేను వింటా" అనాలి. ఇందులో మతానికి విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు, ఒప్పుకున్నట్టూ లేదు. విన్నట్టు మాత్రం ఉంది.

ఏ మాట వాడాలన్నది బిడ్డనే అడగొచ్చు. ‘గే’ అంటే గే. ‘నేనింతే’ అంటే అంతే. హిజ్రాగా బతుకుతున్న బంధువు ఇంటికొస్తే వాళ్లు చెప్పుకున్న పేరుతోనే, చివర ‘గారు’ చేర్చి పిలవొచ్చు. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఇచ్చే అధికారాన్ని 2019 చట్టం జిల్లా కలెక్టరుకు ఇచ్చింది. గుడివాడవాళ్లకైనా, దివిసీమవాళ్లకైనా ఆ ఆఫీసు బందరులోనే. మనసు కుంగి ప్రాణం మీదకు వస్తే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక చిన్న పని ఒకటి ఉంది, అది ఈ రాత్రికే మొదలుపెట్టొచ్చు. టీవీలో తేడాగాడి సీను వచ్చినప్పుడు నవ్వకుండా ఉండటం. వీలైతే "అలా అనకూడదు, గునా" అని ఒక్క మాట అనడం. గదిలో ఎవరు వింటున్నారో పెద్దవాళ్లకు తెలియదు. వింటున్న బిడ్డకు మాత్రం, తన సంగతి చెప్పుకునే చోటు ఒకటి ఇంట్లోనే ఉందని తెలుస్తుంది.